రెండు పరీక్షలు రెండు మాటలు చెబితే...

(శ్వాసకోశ వైరస్ జబ్బుల నిర్ధారణలో చిక్కులు)



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు కబురు పెట్టారు. నేను ఈ హాస్టల్లోనే ఆరో తరగతి నుండి పదో తరగతి వరకు చదివాను. తర్వాత డి.ఎం.ఎల్.టి. చేసి ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కాబట్టి నాకు తెలిసిన విషయమే రాస్తాను. ఇందులో కొంత పుస్తకాల్లో చదివింది, కొంత నేను పొరపాటు చేసి నేర్చుకున్నది.

2022 జనవరిలో సంక్రాంతి సెలవులు అయ్యాక పిల్లలు హాస్టళ్ళకు తిరిగి వచ్చారు. అప్పుడు ఒమిక్రాన్ రకం కరోనా జోరుగా ఉంది. నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శాంపిళ్ళు తీసే పనిలో ఉన్నాను. ఆ మండలంలోని ఒక హాస్టల్ నుండి 24వ తేదీ సోమవారం ఉదయం ఒక కుర్రాడిని తీసుకొచ్చారు. ముందు రోజు రాత్రి నుండి జ్వరం, గొంతు నొప్పి. ముక్కులో పుల్ల పెట్టి ర్యాపిడ్ కిట్టు మీద వేశాను. 15 నిమిషాలు చూశాను. ఒకటే గీత. నెగటివ్. నిబంధన ప్రకారం ఆర్.టి.పి.సి.ఆర్. కోసం ఇంకో శాంపిల్ తీసి జిల్లా ల్యాబ్‌కు పంపాను. అంతవరకు సరిగానే చేశాను. కానీ తోడు వచ్చిన వార్డెన్ గారు “ఏమిటి సంగతి?” అని అడిగితే, “నెగటివే సార్, ఏం భయం లేదు” అన్నాను. ఆయన నా మాట నమ్మి కుర్రాడిని మళ్ళీ అరవై మంది పడుకునే హాల్లోకే పంపారు. 26వ తేదీ ఉదయం వాడు జెండా వందనంలో అందరితోపాటు నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఆర్.టి.పి.సి.ఆర్. ఫలితం వచ్చింది. పాజిటివ్.

ఆ వారాంతానికి ఆ హాస్టల్లో 14 మందికి జ్వరాలు వచ్చాయి. వంట చేసే అమ్మకు షుగర్ ఉంది. ఆమెను ఏరియా ఆసుపత్రిలో ఐదు రోజులు ఆక్సిజన్ మీద పెట్టారు. ఆ అబ్బాయి నుండే అందరికీ అంటిందని నేను చెప్పలేను, ఊళ్ళో కూడా జబ్బు ఉంది. కానీ ఆ ఒక్క మాట నేను అనకుండా ఉండవలసింది.

ఆ 14 మందిలో ఒక పదో తరగతి అబ్బాయి ఉన్నాడు. 27న జ్వరం వచ్చింది, 28న ర్యాపిడ్‌లో పాజిటివ్ వచ్చింది, ఇంటికి పంపారు. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. ఫిబ్రవరి 7న వాళ్ళ నాన్న పుస్తకాల సంచీతో సహా తీసుకొచ్చి దింపబోతే, నెగటివ్ కాగితం ఉంటేనే లోపలికి అన్నారు. మా దగ్గరకు వచ్చారు. ర్యాపిడ్ నెగటివ్ వచ్చింది. ఆర్.టి.పి.సి.ఆర్. రెండు రోజుల తర్వాత పాజిటివ్ అని వచ్చింది. వాడిని మళ్ళీ ఇంటికి పంపేశారు.

ఇప్పుడు ఈ ఇద్దరి చీటీలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి వాడిది: ర్యాపిడ్ నెగటివ్, ఆర్.టి.పి.సి.ఆర్. పాజిటివ్. రెండో వాడిది: ర్యాపిడ్ నెగటివ్, ఆర్.టి.పి.సి.ఆర్. పాజిటివ్. అక్షరం తేడా లేదు. కానీ మొదటి వాడిని విడిగా ఉంచవలసింది, హాల్లో పడుకోబెట్టాం. రెండో వాడిని హాల్లోకి రానివ్వవలసింది, ఇంటికి తరిమాం. ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ఒక్కో పరీక్ష దేన్ని వెతుకుతుందో ముందు తెలియాలి.

ఏ పరీక్ష దేన్ని వెతుకుతుంది?

వైరస్ అంటే ప్రోటీన్ తొడుగులో ఉన్న కొంత జన్యు పదార్థం. ఫ్లూ వైరస్‌లోనూ కరోనా వైరస్‌లోనూ ఆ జన్యు పదార్థం ఆర్.ఎన్.ఏ. రూపంలో ఉంటుంది.

ర్యాపిడ్ యాంటీజెన్ పరీక్ష వైరస్ ప్రోటీన్‌ను వెతుకుతుంది. కిట్టులోని కాగితపు పట్టీ మీద ఆ ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలను ముందే గీతగా పూసి ఉంచుతారు. ప్రోటీన్ చాలినంత ఉంటే ‘టి’ దగ్గర గీత కనబడుతుంది. ‘సి’ దగ్గర గీత రాకపోతే కిట్టే పాడైందని అర్థం. ఉన్నదాన్ని పెంచి చూపే ఏర్పాటు ఇందులో లేదు. రాత్రి పూట తలుపు దగ్గర నిలబడి టార్చి వేసి హాలు చూసినట్టు అనుకోండి. హాలు నిండా పిల్లలుంటే కనబడతారు. మూల మంచం మీద ఒక్కడే దుప్పటి కప్పుకొని ఉంటే కనబడడు.

ఆర్.టి.పి.సి.ఆర్. జన్యు పదార్థాన్ని వెతుకుతుంది. ముందుగా ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మారుస్తారు. ఆ తర్వాత యంత్రంలో వేడి చేస్తూ చల్లారుస్తూ మనకు కావలసిన ముక్కను ఒక్కో ఆవృత్తికి రెట్టింపు చేస్తారు. పి.సి.ఆర్. పద్ధతిని 1983లో కనిపెట్టిన కేరీ ముల్లిస్‌కు 1993లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్క ముక్క 10 ఆవృత్తుల్లో 1,024 అవుతుంది, 20 ఆవృత్తుల్లో పది లక్షలు దాటుతుంది, 30 ఆవృత్తుల్లో 107 కోట్లు అవుతుంది. అందుకే చిటికెడు ఉన్నా దొరుకుతుంది. ఎన్నో ఆవృత్తికి యంత్రం గుర్తు పట్టిందో ఆ అంకెను సి.టి. విలువ అంటారు. (దీనికీ సి.టి. స్కానుకూ ఏ సంబంధమూ లేదు. 2021లో చాలామంది ఈ రెంటినీ కలిపేసుకున్నారు.) అంకె చిన్నదైతే వైరస్ ఎక్కువని, పెద్దదైతే తక్కువని అర్థం. 20కి 35కి మధ్య తేడా 15 ఆవృత్తులే, కానీ పదార్థంలో తేడా 32 వేల రెట్లకు పైగా ఉంటుంది. 35 వరకు పాజిటివ్‌గా తీసుకోవాలని 2021లో భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది.

అయితే ఆర్.టి.పి.సి.ఆర్.కు దొరికేది వైరస్ ముక్క మాత్రమే. బ్రతికున్న వైరస్‌దో, చచ్చిన వైరస్ చెత్తలోదో దానికి తెలియదు. హాల్లో ఒక చెప్పు దొరికితే ఎవరో వచ్చారని తెలుస్తుంది. ఇప్పుడు లోపల ఉన్నారా, వెళ్ళిపోయారా అన్నది చెప్పు చెప్పదు.

మూడో రకం యాంటీబాడీ పరీక్ష. ఇది వైరస్‌ను చూడనే చూడదు, మన రక్తం వైరస్‌కు ఇచ్చిన జవాబును చూస్తుంది. ఆ జవాబు తయారు కావడానికి వారం నుండి రెండు వారాలు పడుతుంది. 2020 ఏప్రిల్‌లో ఇలాంటి రక్తపు చుక్క కిట్లు విదేశాల నుండి తెప్పించి రాష్ట్రాలకు పంచారు. ఫలితాలు ఆర్.టి.పి.సి.ఆర్.తో పొంతన లేకుండా వచ్చాయి. ఏప్రిల్ 21న రెండు రోజులు ఆపమన్నారు, 27న రెండు కంపెనీల కిట్లను వాడవద్దని వాపసు పంపించేయమన్నారు. కిట్ల నాణ్యత ఒక కారణం. దానితోపాటు, మంచి కిట్టు అయినా సరే జ్వరం వచ్చిన రెండో రోజున యాంటీబాడీని వెతికితే దొరకదు.

తేదీలే అసలు కీలకం

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2020లో ఏడు అధ్యయనాల్లోని 1,330 శాంపిళ్ళను కలిపి లెక్క వేశారు. కరోనా అంటిన మనిషికి ఏ రోజు ఆర్.టి.పి.సి.ఆర్. చేస్తే తప్పుగా నెగటివ్ వచ్చే అవకాశం ఎంత అన్నది ప్రశ్న. అంటిన మొదటి రోజు నూటికి నూరు. నాలుగో రోజు 67 శాతం. లక్షణాలు మొదలయ్యే ఐదో రోజున 38 శాతం. ఎనిమిదో రోజున, అంటే లక్షణాలు మొదలైన మూడు రోజులకు, అన్నిటికంటే తక్కువగా 20 శాతం. అక్కడ నుండి మళ్ళీ పెరుగుతూ 21వ రోజుకు 66 శాతం అవుతుంది. ఉన్న పరీక్షల్లో గొప్పదనుకునే పరీక్ష కూడా, దానికి అనువైన రోజున చేసినా, అయిదుగురిలో ఒకరిని వదిలేసింది!

ర్యాపిడ్ పరీక్షకూ ఇలాగే ఒక కాలం ఉంది. ఎన్నో అధ్యయనాలను కలిపి 2021లో కాక్రేన్ సంస్థ వేసిన లెక్కలో, లక్షణాలున్న వాళ్ళలో మొదటి వారంలో 78 శాతం మందిని పట్టుకుంది, రెండో వారంలో 51 శాతానికి పడిపోయింది.

నా ఇద్దరు కుర్రాళ్ళ దగ్గరకు వస్తే, జిల్లా ల్యాబ్‌లోని సీనియర్‌ను బతిమాలి సి.టి. విలువలు తెలుసుకున్నాను. మొదటి వాడిది 31, రెండో వాడిది 33. ఇంచుమించు ఒకటే. ఎందుకంటే వైరస్ కొండ ఎక్కేటప్పుడూ ఆ ఎత్తు దాటుతుంది, దిగేటప్పుడూ అదే ఎత్తు దాటుతుంది. ఒక్క ఫోటో చూసి ఎక్కుతున్నాడా దిగుతున్నాడా అంటే ఎలా చెప్పగలం? మొదటి వాడికి లక్షణాలు మొదలై పన్నెండు గంటలైనా కాలేదు. రెండో వాడికి పదకొండు రోజులు దాటింది. ఆ తేడా చీటీ మీద లేదు. అడిగి రాసుకోవాలి.

ఇంకో దారి కూడా ఉంది. ఒకటి రెండు రోజులాగి మళ్ళీ చేయడం. మొదటి వాడిని విడిగా పడుకోబెట్టి బుధవారం ఉదయం ర్యాపిడ్ మళ్ళీ చేసి ఉంటే గీత రావడానికి ఎక్కువ అవకాశం ఉండేది. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2022 ఆగస్టులో ఇదే చెప్పింది: లక్షణాలుండి ర్యాపిడ్ నెగటివ్ వస్తే 48 గంటలాగి రెండోసారి, లక్షణాలు లేకపోతే 48 గంటల తేడాతో మూడుసార్లు చేయాలని.

మన సంభావ్యత పాఠంతో ఒక లెక్క

పదో తరగతి గణితంలో సంభావ్యత పాఠం ఉంది కదా. “పాచికలు, పేక ముక్కలు మనకెందుకు సార్” అని మేమూ అనుకునేవాళ్ళం. ఇక్కడ పనికొస్తుంది.

ప్రతి పరీక్షకూ రెండు గుణాలు ఉంటాయి. జబ్బున్న వంద మందిలో ఎంతమందిని పట్టుకుంటుంది అన్నది సెన్సిటివిటీ. జబ్బు లేని వంద మందిలో ఎంతమందిని సరిగ్గా వదిలేస్తుంది అన్నది స్పెసిఫిసిటీ. మన దేశంలో 2020 జూన్‌లో అనుమతి పొందిన మొదటి ర్యాపిడ్ యాంటీజెన్ కిట్టును పరీక్షించి చూస్తే సెన్సిటివిటీ 50.6 నుండి 84 శాతం మధ్య, స్పెసిఫిసిటీ 99.3 నుండి 100 శాతం మధ్య వచ్చాయి. రెండింట్లోనూ తక్కువ అంకె తీసుకొని లెక్క వేద్దాం.

మొదటి లెక్క. జబ్బు ఊరంతా వ్యాపించి ఉంది. జ్వరం, దగ్గు ఉన్న 100 మంది పిల్లలు వచ్చారు. వారిలో 50 మందికి నిజంగా కరోనా ఉందనుకుందాం. కిట్టు 25 మందిని పట్టుకుంటుంది, 25 మందిని వదిలేస్తుంది. కరోనా లేని 50 మందిలో తప్పుగా పాజిటివ్ దాదాపు ఎవరికీ రాదు. కాబట్టి పాజిటివ్ వచ్చిన 25 మందికీ జబ్బు ఉన్నట్టే. నెగటివ్ వచ్చిన 75 మందిలో 25 మందికి, అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి, జబ్బు ఉంది. ఆ సోమవారం నేను “ఏం భయం లేదు” అన్న కుర్రాడు ఈ మూడో వాడు.

రెండో లెక్క. జబ్బు దాదాపు పోయింది. ఏ లక్షణమూ లేని 1,000 మంది పిల్లలకు, వెయ్యి మందిలో ఇద్దరికే కరోనా ఉన్న రోజుల్లో, ఊరికే పరీక్ష చేశాం. ఇద్దరిలో ఒకడు దొరుకుతాడు. మిగిలిన 998 మందిలో 0.7 శాతం, అంటే ఏడుగురికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. మొత్తం ఎనిమిది పాజిటివ్‌లలో నిజమైనది ఒక్కటే!

కిట్టు అదే. చేసే చేయి అదే. కానీ మొదటి లెక్కలో పాజిటివ్‌ను నమ్మాలి, నెగటివ్‌ను అనుమానించాలి. రెండో లెక్కలో పాజిటివ్‌నే అనుమానించాలి. పరీక్షకు ముందే జబ్బు ఉండే అవకాశం ఎంత అన్న దాన్ని బట్టి ఫలితానికి అర్థం మారుతుంది. దీన్ని సూత్రంగా రాసినవాడు థామస్ బేయ్స్ అనే ఇంగ్లండు మతబోధకుడు. ఆయన చనిపోయిన తర్వాత 1763లో ఆ వ్యాసం అచ్చయింది. మీరు ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుంటే రెండో సంవత్సరంలో బేయ్స్ సిద్ధాంతం వస్తుంది. నేను బై.పి.సి. వాడిని కాబట్టి ల్యాబ్‌కు వచ్చాక నేర్చుకున్నాను.

భారత వైద్య పరిశోధన మండలి అప్పట్లో పెట్టిన నిబంధన కూడా మొదటి లెక్క మీదే నిలబడింది: ర్యాపిడ్‌లో పాజిటివ్ వస్తే పాజిటివే, మళ్ళీ చేయనక్కరలేదు, లక్షణాలుండి నెగటివ్ వస్తే ఆర్.టి.పి.సి.ఆర్. తప్పనిసరి. 2021 మే నెలలో ఇంట్లో చేసుకునే కిట్టుకు అనుమతి ఇచ్చినప్పుడూ ఇదే మాట చెప్పారు.

రెండు పరీక్షలూ కలిసి తప్పుదారి పట్టించిన సందర్భం

ఒక పరీక్షను ఇంకోటి బలపరిస్తే ఇక తిరుగు లేదని అనుకుంటాం. ఎప్పుడూ అలా కాదు. ఈ ఉదాహరణ చదివాక నాకు ఆ ధీమా పోయింది.

2003 వేసవిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, సర్రే అనే పట్టణంలో ఉన్న ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో జలుబు, దగ్గు మొదలైంది. 142 మంది వృద్ధుల్లో 95 మందికి, 160 మంది సిబ్బందిలో 53 మందికి లక్షణాలు వచ్చాయి. ఎనిమిది మంది వృద్ధులు చనిపోయారు. వారిలో ఆరుగురికి న్యుమోనియా ఉంది. ఆ కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. సార్స్ అనే కొత్త జబ్బు ప్రపంచంలో 8,096 మందికి సోకి 774 మందిని బలి తీసుకుంది. దాన్ని అదుపు చేశామని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2003 జులై 5న. కెనడా కూడా బాగా దెబ్బతిన్న దేశమే.

ఆ సమయంలో ఈ వృద్ధుల శాంపిళ్ళను జాతీయ ప్రయోగశాలలో చేసిన పి.సి.ఆర్. పరీక్షల్లో సార్స్ వైరస్ ఉన్నట్టు కొన్ని ఫలితాలు వచ్చాయి. తప్పుడు పాజిటివ్ ఏమో అని అనుమానించారు. కానీ అదే సమయంలో రక్త పరీక్షలోనూ సార్స్ వైరస్‌లోని ఎన్ ప్రోటీన్‌కు యాంటీబాడీలు కనబడ్డాయి. రెండు వేరు వేరు పద్ధతులు ఒకే పేరు చెబుతున్నాయి. ఇంకేముంది, సార్స్ తిరిగి వచ్చింది అనాలి కదా?

జబ్బు నడక మాత్రం వేరే మాట చెప్పింది. సార్స్ అయితే చూసుకునే వాళ్ళనే ముందు పడగొట్టింది. ప్రపంచం మొత్తం మీద సోకిన వాళ్ళలో అయిదో వంతు ఆసుపత్రి సిబ్బందే. ఇక్కడ సిబ్బందిలో 53 మందికి జలుబు చేసింది కానీ ఒక్కరికీ న్యుమోనియా రాలేదు. ఇది సార్స్ పోలిక కాదు. తర్వాత వేరే పి.సి.ఆర్. పరీక్షలతో వెతికితే అసలు వైరస్ దొరికింది. దాని పేరు ఓ.సి.43. అది కూడా కరోనా వైరసే, కానీ ఎప్పటి నుండో మనుషుల్లో మామూలు జలుబు తెచ్చేది. జబ్బు తగ్గిన కొన్నాళ్ళకు తీసిన రక్తంలో సార్స్ కాదని తేలింది. మరి మొదటి రక్త పరీక్ష ఎందుకు అలా చెప్పింది? ఓ.సి.43, సార్స్ రెండూ ఒకే కుటుంబానివి. ఎన్ ప్రోటీన్‌లో కొన్ని భాగాలు రెంటికీ ఒకేలా ఉంటాయి. ఒకదాని కోసం తయారైన యాంటీబాడీ రెండోదాన్ని కూడా పట్టుకుంది. అన్నదమ్ముల్లో ఒకడిని చూసి ఇంకొకడి పేరు పెట్టి పిలిచినట్టు.

ఇక్కడ మామూలు జలుబు అని తేలినా ఎనిమిది మంది పోయారన్నది మరచిపోకూడదు. పేరు చిన్నదైనా ముసలి వాళ్ళకు జబ్బు చిన్నది కాదు.

ఇలాంటి పోలికల గొడవను తప్పించడానికే మన దేశంలో 2020లో ట్రూనాట్ యంత్రాల మీద రెండు మెట్ల పద్ధతి పెట్టారు. ముందు ఇ జన్యువును వెతికేవారు. అది దొరకకపోతే నెగటివ్. దొరికితే అంతటితో పాజిటివ్ అనకుండా, ఈ వైరస్‌ను రూఢి చేసే ఇంకో జన్యువును రెండో మెట్టులో వెతికేవారు. మొదటిది వల, రెండోది తూనిక.

మరి కొన్ని సంగతులు

స్వైన్ ఫ్లూ అనే హెచ్1ఎన్1 మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాదులోనే, 2009 మే నెలలో, అమెరికా నుండి విమానంలో వచ్చిన ఒక ప్రయాణికుడిలో. ఆ ఏడాది అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఫ్లూ ర్యాపిడ్ కిట్లను పరీక్షించి చూస్తే, కొత్త వైరస్ ఉన్న శాంపిళ్ళలో 40 నుండి 69 శాతమే పట్టుకున్నాయి. కాబట్టి ర్యాపిడ్ నెగటివ్ వచ్చినా లక్షణాలు బలంగా ఉంటే మందు మొదలుపెట్టమని డాక్టర్లకు చెప్పారు. 2020లో మనం నేర్చుకున్నాం అనుకున్న పాఠం 2009లోనే ఉందన్న మాట.

వుహాన్ నగరంలో కొత్త జబ్బు గురించి తోటి వైద్యులను ముందే హెచ్చరించిన కంటి డాక్టరు లీ వెన్‌లియాంగ్‌కు 2020 జనవరి 10న దగ్గు మొదలైంది. ఆసుపత్రిలో చేరాక చేసిన పరీక్షలు నెగటివ్ వస్తూ పోయాయి. జనవరి నెలాఖరు దాటాక కానీ పాజిటివ్ ఫలితం చేతికి రాలేదు. ఫిబ్రవరి 7న ఆయన చనిపోయారు. ఇలా పరీక్షకు దొరకని రోగులు ఎక్కువ కావడంతో హుబే రాష్ట్రంలో ఊపిరితిత్తుల స్కాను, లక్షణాలు చూసి నిర్ధారించిన వాళ్ళను కూడా లెక్కలో కలిపారు. ఫిబ్రవరి 12న ఒక్క రోజే 14,840 కొత్త కేసులు నమోదయ్యాయి. అందులో 13,332 ఇలా కలిపినవే. జబ్బు ఒక్క రోజులో పెరగలేదు, లెక్క వేసే పద్ధతి మారింది. పత్రికలో గ్రాఫు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అలాగని స్కానే గొప్పదని అనుకోకండి. వుహాన్‌లో 1,014 మందిని పరిశీలిస్తే ఆర్.టి.పి.సి.ఆర్. పాజిటివ్ వచ్చింది 59 శాతానికి, స్కానులో మచ్చలు కనబడింది 88 శాతానికి. కానీ ఆర్.టి.పి.సి.ఆర్. నెగటివ్ వచ్చిన వాళ్ళలో స్కాను శుభ్రంగా ఉన్నది 25 శాతం మందికే. మచ్చ కనబడుతుంది, ఆ మచ్చ ఏ క్రిమి వల్ల వచ్చిందో స్కాను చెప్పదు. 2021లో మన ఊళ్ళలో అప్పు చేసి మరీ స్కాన్లు తీయించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఇంట్లో నడిచి తిరుగుతున్న మనిషికి ఆ డబ్బుతో మంచి తిండి, వేలికి పెట్టే ఆక్సీమీటరు వచ్చేవి.

ఇక మా ల్యాబ్ వాళ్ళ తప్పులు. పుల్ల ముక్కు చివర తిప్పి తీసేస్తే ఏ పరీక్షా దొరకబట్టలేదు. లోపలికి, గొంతు వెనక గోడ తగిలే దాకా వెళ్ళాలి. పిల్లవాడు ఏడుస్తాడని జాలిపడి పైపైన తీస్తే నెగటివ్ చీటీ వస్తుంది. పుల్ల కూడా మామూలు దూది, చెక్క పుల్ల కాకూడదు, అందులోని పదార్థాలు పి.సి.ఆర్.ను అడ్డుకుంటాయి. తీసిన శాంపిల్‌ను ఐసు పెట్టెలో పెట్టాలి. ఎండలో బండి మీద ఊరికే తీసుకెళ్తే ఆర్.ఎన్.ఏ. చెడిపోతుంది. తప్పుగా పాజిటివ్ రావడానికీ దారులున్నాయి. ఒక శాంపిల్ చుక్క ఇంకో గొట్టంలో పడటం, లేబుళ్ళు తారుమారు కావడం లాంటివి. యంత్రం కంటే చేతుల వల్లే ఎక్కువ తేడాలు వస్తాయని నా అభిప్రాయం.

రెండో కుర్రాడి సంగతి

జబ్బు తగ్గాక ఆర్.టి.పి.సి.ఆర్. పాజిటివ్ రావడం కొత్త విషయమేమీ కాదు. 2020లో దక్షిణ కొరియాలో కోలుకున్న వాళ్ళకు మళ్ళీ పాజిటివ్ రావడంతో గగ్గోలు పుట్టింది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ అలాంటి 285 మందిని, వాళ్ళతో మెలగిన 790 మందిని పరిశీలించింది. 108 మంది శాంపిళ్ళ నుండి వైరస్‌ను పెంచడానికి చూస్తే ఒక్కదానిలోనూ బ్రతికున్న వైరస్ పెరగలేదు. వాళ్ళ వల్ల ఎవరికైనా అంటిందని కూడా తేలలేదు. వేరే అధ్యయనాల్లో ముక్కు, గొంతు శాంపిళ్ళలో ఆర్.ఎన్.ఏ. గరిష్ఠంగా 83 రోజుల వరకు దొరికింది కానీ, మామూలు రోగుల్లో తొమ్మిది రోజులు దాటాక బ్రతికున్న వైరస్ దొరకలేదు. (రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న వాళ్ళ సంగతి వేరు.)

అందుకే 2020 మే నెల నుండే స్వల్ప లక్షణాల వాళ్ళను పంపించే ముందు మళ్ళీ పరీక్ష అక్కరలేదని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. 2022 జనవరి 5న ఇచ్చిన ఉత్తర్వులో, పాజిటివ్ వచ్చి ఏడు రోజులు గడిచి, వరుసగా మూడు రోజులు జ్వరం లేకపోతే చాలు, తిరిగి పరీక్ష అవసరం లేదని ఉంది. ఆ కాగితం మా ఆరోగ్య కేంద్రం గోడ మీదే అంటించి ఉంది. ఫిబ్రవరి 7న ఆ తండ్రి నా ముందు నిలబడినప్పుడు నేను దాన్ని చూపించి, డాక్టరు గారి చేత ఒక ముక్క రాయించి పంపవలసింది. అడిగారు కదా అని పుల్ల తీశాను. 14న మళ్ళీ తీశాను, మళ్ళీ పాజిటివ్ వచ్చింది. 21న నెగటివ్ వచ్చింది. 22న వాడు హాస్టల్లో చేరాడు. అది పదో తరగతి పరీక్షల ఏడాది. ఆ పదిహేను రోజులూ వాడు వాళ్ళ నాన్నతో మిరప కోతకు వెళ్ళాడు. బడిలో త్రికోణమితి అయిపోయింది.

ఇప్పుడు నేను పనిచేసే చోట శాంపిల్ రిజిస్టరులో పేరు, వయసు పక్కన లక్షణాలు మొదలైన తేదీ అనే గడి ఒకటి ఎర్ర సిరాతో గీశాను. అది నిండకుండా పుల్ల తీయను. ఎప్పటి నుండి జ్వరం అని అడిగితే పిల్లలు చాలామంది “మొన్నేమో సార్” అంటారు. ఆ మొన్న ఆదివారమా సోమవారమా అని కనుక్కోవడానికి, ఆ రోజు మెస్‌లో గుడ్డు పెట్టారా, చికెన్ పెట్టారా అని అడుగుతాను. అది మాత్రం అందరికీ గుర్తుంటుంది.

– పూర్వ విద్యార్థి, ల్యాబ్ టెక్నీషియన్